పొటాషియంలో 19వ ఎలక్ట్రాన్ మూడో కర్పరాన్ని ఎందుకు వదిలేసింది?

ప్రశ్న: మూడో కర్పరంలో 18 ఎలక్ట్రాన్ల దాకా పడతాయంటారు కదా. మరి పొటాషియంలో అక్కడ 8 ఉండగానే 19వ దాన్ని నాలుగో కర్పరంలో వేస్తారేంటి? 2, 8, 9 అని రాస్తే ఎందుకు తప్పు?

జవాబు: ఈ డౌట్ రావాల్సిందే, రానివాళ్లు బట్టీ పట్టినట్టే లెక్క. కర్పరం సంఖ్యను వర్గం చేసి రెండుతో గుణిస్తే 2, 8, 18, 32 వస్తాయి. అవి ఎన్ని పడతాయో చెప్పే అంకెలే. ఏది ముందు నిండుతుందో వాటిలో ఎక్కడా లేదు.

మూడో కర్పరమంతా ఒకే శక్తిస్థాయి కాదు. అందులో మూడు ఉపకర్పరాలుంటాయి: 3ఎస్‌లో రెండు, 3పిలో ఆరు, 3డిలో పది ఎలక్ట్రాన్లు పడతాయి. పొటాషియంకు ముందున్న ఆర్గాన్ దగ్గరికి వచ్చేసరికి మొదటి రెండూ నిండి ఎనిమిదవుతాయి, మిగిలింది 3డి ఒక్కటే. పేచీ అంతా దానితోనే. నాలుగో కర్పరంలో మొదటిదైన 4ఎస్‌లోని ఎలక్ట్రాన్ సగటున కేంద్రకానికి దూరంగానే ఉంటుంది గానీ, లోపలి ఎలక్ట్రాన్లను దాటుకుని కేంద్రకం పక్కదాకా వెళ్లే అవకాశం దానికి కొంత ఉంది, అక్కడ అడ్డు తక్కువ కాబట్టి ఆకర్షణ గట్టిగా తగులుతుంది. 3డికి ఆ చొరవ లేదు. లోపలున్న 18 ఎలక్ట్రాన్లు కేంద్రకం ఆకర్షణను దానికి దాదాపు అందనివ్వవు. అందుకే పొటాషియంలో 4ఎస్‌కే శక్తి తక్కువ, 19వ ఎలక్ట్రాన్ అందులోకే పోతుంది: 2, 8, 8, 1. సోడియంలాగే పొటాషియం కూడా బయటి ఒక్క ఎలక్ట్రాన్‌ను ఇట్టే వదిలేసుకుంటుంది, నీళ్లలో వేస్తే భగ్గుమంటుంది.

కాల్షియం 2, 8, 8, 2. స్కాండియం నుంచి 3డి నిండడం మొదలై 2, 8, 9, 2 అవుతుంది. అంటే మీరడిగిన 9 అక్కడ కనిపిస్తుందన్నమాట! రాగి దగ్గర మూడో కర్పరంలో 18 పూర్తవుతాయి: 2, 8, 18, 1.

ఉపకర్పరాలు నిండే వరుసను చూపే ఏటవాలు బాణాల పటం నేర్పేటప్పుడు చాలామంది వదిలేసే సంగతి ఇంకోటుంది. 4ఎస్‌కు ఎప్పుడూ శక్తి తక్కువే అనుకోకండి. స్కాండియం నుంచి కేంద్రకంలో ప్రోటాన్లు పెరిగేకొద్దీ 3డి శక్తి బాగా కిందికి దిగిపోతుంది, అందుకే ఆ మూలకాలు ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని అయాన్లుగా మారేటప్పుడు ముందు పోయేవి 4ఎస్ ఎలక్ట్రాన్లే. ఇనుము 2, 8, 14, 2 కదా, రెండు ఎలక్ట్రాన్లు పోయిన దాని అయాన్‌కు 2, 8, 14 అని రాయండి, 2, 8, 12, 2 అని కాదు.