బుజ్జీ, ఆ రాళ్ళు పారేయొద్దు

కడప

చిరంజీవి బుజ్జికి, పెద్దనాయన ఆశీస్సులు.

గండికోట నుంచి కవర్ నిండా రాళ్ళు తెచ్చుకున్నావని, ఇంట్లో అందరూ పారేయమంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పారేయొద్దు. రాళ్ళు పోగు చేయడం ఎట్లా మొదలుపెట్టాలో పెద్దనాయనను అడగమన్నావట. నలభై ఏళ్ళుగా నేను మనసుపెట్టి చేస్తున్న పని ఇది, అడిగావంటేనే సంతోషంగా ఉంది.

అన్నిటికంటే ముందు, ఏ రాయి ఎక్కడ దొరికిందో ఈ రాత్రికే రాసిపెట్టు. తెల్లారితే సగం మర్చిపోతావు.

ఇది ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంది. మొదటి ఏడేళ్ళు ఏరిన రాళ్ళన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కోదానికి చీటీ చుట్టి దారం కట్టాను. ఇల్లు మారిన ఏడాది వానకు పెట్టె తడిసి చీటీలన్నీ ముద్దయిపోయాయి. వాటిలో అరచేయంత బూడిదరంగు రాయి ఒకటుంది. అడ్డంగా కోసిన క్యాబేజీలా పొర మీద పొర ఉంటుంది. స్ట్రోమటోలైట్ అంటారు. సుమారు 190 కోట్ల ఏళ్ళ కింద, ఇక్కడ లోతులేని సముద్రం ఉన్నప్పుడు, కంటికి కనబడని జీవులు పొరలు పొరలుగా పెరిగి వదిలిపోయిన గుర్తు అది. అది వేంపల్లె దగ్గర ఏరిందో, తాడిపత్రి దారిలో ఏరిందో ఇప్పుడు నాకు తెలీదు. చేతిలోకి తీసుకున్నప్పుడల్లా గుండె కలుక్కుమంటుంది.

అందుకే చీటీని నమ్ముకోవద్దు. రాయిని నీళ్ళతో, పాత టూత్ బ్రష్‌తో కడిగి ఆరబెట్టు. కంటికి ఆనని మూల మీద తెల్ల నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, ఆరాక సన్న పెన్నుతో నంబరు వెయ్యి. దాని మీద రంగులేని పాలిష్ ఇంకో పూత. అదే నంబరుతో నోట్ బుక్కులో ఊరు, తారీఖు, వాగులో దొరికిందా, రోడ్డు పక్కన తవ్విన మట్టిలోనా, గుట్ట మీదనా రాసుకో. పేరు తెలియకపోతే ఖాళీ వదిలెయ్. పేరు పదేళ్ళ తర్వాతైనా తెలుస్తుంది. రాళ్ళు పెట్టుకోవడానికి కోడిగుడ్ల అట్టలు చాలు, షోకేసు అక్కర్లేదు.

ఇక చూడటం నేర్చుకోవడానికి మూడు తెల్లరాళ్ళతో మొదలుపెట్టు. పలుగురాయి (క్వార్ట్జ్), ముగ్గురాయి (బెరైటీస్), సున్నపురాయిలో ఉండే కాల్సైట్. దూరం నుంచి చూస్తే మూడూ ఒకటే. పలుగురాయి అంచుతో గాజుసీసా మీద గీస్తే గీత పడుతుంది, మిగతా రెండూ అంత గట్టివి కావు, ఇనుప మేకుతో గీస్తే వాటి మీదే గీత పడుతుంది. కాల్సైట్ మీద ఒక చుక్క నిమ్మరసం వేసి చెవి దగ్గర పెట్టుకో, సన్నగా బుసబుసమంటుంది, చిన్న బుడగలు లేస్తాయి. బేతంచెర్ల బండ ముక్క మీద వేసినా అంతే, అదీ సున్నపురాయే. ముగ్గురాయికి ఏ పరీక్షా అక్కర్లేదు, చేత్తో ఎత్తి చూస్తే చాలు. అదే సైజు పలుగురాయి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా బరువు. మొదటిసారి ఎత్తినప్పుడు నా చెయ్యి కిందికి జారింది. కోడూరు దగ్గర మంగంపేట గనుల్లో తవ్వేది ఇదే. చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో ఆ బరువు కోసమే దీన్ని కలుపుతారు. ఈ మూడింటినీ కళ్ళు మూసుకుని చెప్పగలిగే దాకా కొత్త రాళ్ళ జోలికి పోవద్దు.

గండికోట ఎర్రరాయిని గ్రానైట్ అని గైడు చెప్పి ఉంటాడు, చాలామంది అట్లాగే అంటారు. అది క్వార్ట్జైట్. ఒకప్పటి ఇసుకే గట్టిపడి ఇంత రాయి అయింది. భూతద్దం పెట్టి చూడు, రేణువులు కనిపిస్తాయి. పదింతలు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కో, డబ్బు పెట్టాల్సింది ఆ ఒక్కదానికే.

కొన్ని మాత్రం ముట్టుకోవద్దమ్మా. కోట గోడ రాయి ఎంత చిన్నదైనా తీయొద్దు. బెలుం గుహల్లో వేలాడే రాళ్ళు బొట్టు బొట్టుగా వేల ఏళ్ళు పట్టి పెరిగినవి, విరిచావంటే మళ్ళీ రావు. అడవిలో, గనుల్లో అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు. పులివెందుల వైపు పాత గనుల దగ్గర పట్టుదారంలా మెరిసే నార రాయి కనిపిస్తుంది. చూడ్డానికి చాలా బాగుంటుంది. అది రాతినార, ఆస్బెస్టాస్. ఆ నార గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. ఇంటికి అస్సలు తేవద్దు. సుత్తితో రాయి కొట్టేటప్పుడు కళ్ళద్దాలు పెట్టుకో.

వజ్రాల సంగతి కూడా అడిగావట. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లో జనం తల వంచుకుని వెతుకుతుంటారు. వానకు మట్టి కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలతాయి కాబట్టి అప్పుడే పోతారు. నేనూ రెండేళ్ళు పోయాను. వజ్రం కానిదాన్నల్లా కాలితో తన్నుకుంటూ నడిచాను. ఆ రెండేళ్ళలో నా నోట్ బుక్కులో ఒక్క వరుస కూడా లేదు. నువ్వు ఆ చేలకు పోవాలంటే పో, కానీ ఒక ఏడాది ఆగి పో. అప్పటికి నీ కళ్ళు రాళ్ళకు అలవాటు పడి ఉంటాయి.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు ఆ కవర్ మొత్తం తీసుకురా. ట్రంకు పెట్టె దించి పెడతాను, నీ భూతద్దంతో ఆ క్యాబేజీ రాయిని ఇద్దరం చూద్దాం. నీ రాళ్ళలో ఎర్రది కోట వైపు ఏరావా, కింద పెన్న ఒడ్డునా? మర్చిపోకముందే రాసుకో.

మీ పెద్దనాయన