విరేచనాలు మొదలైన ఊళ్లో చేయాల్సిన పని

చి.సౌ. అమ్మడికి, పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

ఒడిశాలో మన గుణుపురం దగ్గర ఆరోగ్య సబ్‌సెంటర్లో చేరావని తెలిసి సంతోషం. వానలు పడ్డాయంటే నీ ముందుకొచ్చేది వాంతులు, విరేచనాలే. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మందులిచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. ఎవరికి, ఎప్పటినుంచి, ఏ నీళ్లు తాగితే వచ్చిందో లెక్క తీయాల్సింది మాత్రం మన ప్రజారోగ్య శాఖే. రాజ్యాంగంలో ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోది కాబట్టి బాధ్యత భువనేశ్వర్‌ది. భువనేశ్వర్‌కు తెలిసేది మాత్రం నువ్వు రాసినంతే.

ఒకే వీధిలో రెండు మూడు కేసులు కనబడినా, ఐదేళ్లు దాటిన మనిషి ఎవరైనా నీళ్ల విరేచనాలతో ఒళ్లు ఆరిపోయి కూలబడినా వారం రిపోర్టు దాకా ఆగకు. వెంటనే బ్లాకు మెడికల్ ఆఫీసరుకు ఫోన్ చెయ్యి. మన రాయగడ జిల్లా కాశీపూర్ బ్లాకులో 2022 జూలైలో వచ్చింది కలరానే, మరిచిపోకు.

లిస్టులో పేరు, వయసు, ఇల్లు, మొదలైన తేదీ, గంట, తాగిన నీళ్లు రాయి. నీళ్ల దగ్గర మోసపోకు. ఇంట్లో అడిగితే అందరూ బోరు నీళ్లే అంటారు. ఉడుపులప్పుడు పొలంలో తాగేది గెడ్డ పక్క చెలమ నీళ్లు. "మధ్యాహ్నం ఎక్కడ తాగావు?" అని విడిగా అడుగు.

రెక్టల్ స్వాబ్, అంటే మలద్వారం నుంచి దూదిపుల్లతో తీసే నమూనా, యాంటీబయాటిక్ పడకముందే తీయించి, ల్యాబుకు చేరేదాకా క్రిమిని బతికించి ఉంచే కేరీ బ్లెయిర్ ట్యూబులో పెట్టించు. మందు పడ్డాక తీస్తే క్రిమి పెరగకపోవచ్చు. నెగిటివ్ అని రిపోర్టు వస్తుంది, అందరూ నిశ్చింతగా కూర్చుంటారు, రోగం పక్క ఊరికి పోతుంది. స్వాబ్ కోసం ఓఆర్‌ఎస్, సెలైన్ మాత్రం ఆపకూడదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. పిల్లలకు జింకు 14 రోజులు. తాగలేని స్థితికొస్తే 108.

ఇక బావి. బ్లీచింగు పొడి వీధి వెంట ముగ్గులా చల్లి ఫోటో దిగేవాళ్లుంటారు. దానివల్ల వాసన తప్ప ఏమీ రాదు. బావి వెడల్పును అదే వెడల్పుతో గుణించి, నీటి లోతుతో, 3.14తో గుణించి, 4తో భాగించు. అన్నీ మీటర్లలో. వచ్చింది ఘనపు మీటర్లు. ఒక్కోటి వెయ్యి లీటర్లు, దానికి మంచి పొడి 2.5 గ్రాములు. రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల నీళ్లుంటే సుమారు 9,420 లీటర్లు, అంటే 24 గ్రాములు.

పొడిని ముందు ముద్దగా కలిపి, బకెట్ నిండా నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు కదపకుండా ఉంచు. అడుగున దిగిన సున్నం బావిలో పోయకు. పైన తేరిన నీళ్లు వేరే బకెట్లోకి వంచి, తాడుతో బావిలోకి దింపి, నీళ్లలో పైకీ కిందకీ ఆడించు. గంట తర్వాత క్లోరిన్ పరీక్ష చెయ్యి. రోగం ఉన్న ఊళ్లో 0.5 పీపీఎం, అంటే లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ కనబడాలి. లేకపోతే మళ్లీ వెయ్యి. సంచి విప్పి పెట్టిన పాత పొడిలో క్లోరిన్ ఎగిరిపోతుంది, లెక్క సరిగ్గా కట్టినా పరీక్షలో తేలదు. మూతున్న డబ్బాలో, చీకట్లో, తడి తగలకుండా దాచు. రాత్రి అందరూ తోడుకున్నాక వేస్తే తెల్లారేసరికి పనిచేస్తుంది.

బోరు గట్టు పగిలితే బాగుచేసేది మనం కాదు, గ్రామీణ నీటి సరఫరావాళ్లు. కాగితం మీద రాసిచ్చి నకలు ఉంచుకో. ఊరి శుభ్రతకు గావ్ కల్యాణ్ సమితి (ఊరి ఆరోగ్య, పారిశుద్ధ్య కమిటీ) డబ్బు అడుగు.

ఇంకోటి, ఇది మన సరిహద్దు తంటా. జబ్బు చేసినవాళ్లు పార్వతీపురం పోతారు, పర్లాకిమిడి వైపువాళ్లు పాతపట్నం దాటుతారు. అక్కడ ఆంధ్రా లెక్కలో పడతారు, మన లిస్టులో ఉండరు. తాళం వేసిన ఇల్లు కనబడితే పక్కింటివాళ్లను అడిగి రాసుకో, అటువైపు వాళ్లతో మాట్లాడమని మెడికల్ ఆఫీసరుకు చెప్పు.

కలరా క్రిమి ఒంట్లో చేరాక రోగం బయటపడటానికి ఐదు రోజుల దాకా పట్టొచ్చు. కాబట్టి చివరి కేసు తర్వాత ఇంకా పది రోజులు ఇల్లిల్లూ తిరుగు. ఏమీ లేని రోజున కూడా ఖాళీ వదలకుండా సున్నా వేసి పంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ