గోత్, మెటల్ హద్దు గురించి మాట్లాడబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ విశ్వవిద్యాలయ సంగీత బృందం వచ్చే నెల పెట్టుకున్న చర్చలో, గోతిక్ మెటల్‌ను గోత్ సంగీతంగా ఒప్పుకోవాలా వద్దా అన్న అంశం మీద మొదట మాట్లాడే బాధ్యత నీకు అప్పగించారని, ఎటువైపు నిలబడాలో తేల్చుకోలేకపోతున్నానని రాశావు. నీకు తెలిసిందే అయినా సభకు పనికొస్తుందని ఒక మాట: గోత్ అంటే దిగులు నిండిన ఒక రాక్ సంగీతం, మెటల్ అంటే బరువైన గిటార్ల రాక్, గోతిక్ మెటల్ ఆ రెండిటి పోలికలూ ఉన్నది. నేను 1984లో జౌళి ఇంజనీరింగు చదవడానికి, నువ్విప్పుడు చదువుతున్న లీడ్స్‌కే వచ్చి, ఆ తరువాత బ్రాడ్‌ఫర్డ్ ఉన్ని మిల్లులో చాలాకాలం పనిచేశాను. ఈ వాదం ఏ ఊళ్ళలో రాజుకుందో ఆ ఊళ్ళలోనే, రాజుకున్న రోజుల్లోనే విన్నవాణ్ణి. కొన్నిసార్లు తొందరపడి తప్పు పక్షాన గొంతు చించుకున్నవాణ్ణి కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

చీకటి, మరణం, శ్మశానం, నల్లబట్టలు అన్న మాటలతో మాత్రం ప్రసంగం మొదలుపెట్టవద్దు. అందరూ అక్కడే మొదలుపెడతారు, అందరూ అక్కడే చిక్కుకుంటారు. బర్మింగ్‌హామ్‌కు చెందిన బ్లాక్ సబాత్ బృందం మొదటి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. అందులో మొదటి పాట వాన చప్పుడుతో, ఉరుముతో, దూరాన మోగే చర్చి గంటతో మొదలవుతుంది. ఆ బృందం పేరే బోరిస్ కార్లోఫ్ నటించిన ఒక భయానక చిత్రం పేరు. తొమ్మిదేళ్ళ తరువాత, 1979లో, నార్తాంప్టన్ కుర్రవాళ్ళు నలుగురు బౌహౌస్ పేరుతో విడుదల చేసిన మొదటి పాట 'బేలా లుగోసీస్ డెడ్'. ఆ లుగోసీ 1931 నాటి చిత్రంలో డ్రాక్యులాగా నటించినవాడు. మెటల్ మూలపురుషులూ గోత్ మూలపురుషులూ ఒకే బావిలో చేద వేశారన్నమాట. కనుక ఆ నీళ్ళ రంగు చూసి ఏది ఎవరి కడవో చెప్పలేము. 'గోతిక్' అన్న మాట కూడా సాక్ష్యానికి పనికిరాదు, ఎందుకంటే 1967లోనే జాన్ స్టిక్నీ అనే విమర్శకుడు డోర్స్ అనే అమెరికన్ రాక్ బృందం గురించి రాస్తూ గోతిక్ రాక్ అన్న మాట వాడాడు. అప్పటికి నువ్వు చర్చించబోయే రెండు సంగీతాలూ పుట్టనేలేదు.

మరి తేడా ఎక్కడుంది? పాటకు వెన్నెముక ఏ వాద్యంలో ఉందో వెతుకు. మెటల్‌లో ఆ వెన్నెముక డిస్టార్షన్‌తో, అంటే కావాలని గరుకు చేసిన ధ్వనితో, బరువెక్కిన గిటార్ రిఫ్; రిఫ్ అంటే పదే పదే తిరిగివచ్చే చిన్న స్వరవరుస. డ్రమ్ములూ, మంద్రస్వరాలు పలికే బేస్ గిటారూ దాని వెంట నడుస్తాయి. గోత్‌లో రాగం ఎక్కువగా బేస్ గిటార్ చేతిలో ఉంటుంది; గిటార్ దాని చుట్టూ ప్రతిధ్వనులతో ఒక పొగమంచును పరుస్తుంది. ఇది ఎవరో కూర్చుని రాసిన నియమం కాదు, బతుకులోంచి వచ్చిన అలవాటు. బ్లాక్ సబాత్ గిటారిస్టు టోనీ అయోమీ రేకుల కర్మాగారంలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి కనుక తంతులు నొక్కవలసింది ఆ వేళ్ళతోనే. కొసలకు తొడుగులు చేసుకుని వాయించాడు. కొన్నాళ్ళకు తంతుల బిగువు తగ్గించి, శ్రుతి కిందికి దించాడు. మెటల్‌కు ఆ లోతూ బరువూ రావడంలో ఆ గాయానిది పెద్ద పాలు. అటు మాంచెస్టర్‌లో జాయ్ డివిజన్ అనే బృందం బేస్ వాద్యకారుడు పీటర్ హుక్‌కు, పక్కనున్న గిటార్ హోరులో తన నాసిరకం యాంప్లిఫయర్ నుంచి వచ్చే కింది స్వరాలు తనకే వినపడేవి కావు. అందువల్ల పై స్థాయిలో వాయించడం మొదలుపెట్టాడు, బేస్ గొంతు విప్పి పాడసాగింది. ఒకరు శ్రుతి దించుకున్నారు, మరొకరు స్థాయి పెంచుకున్నారు. నీ సభలో ఈ రెండు సంగతులూ తప్పక చెప్పు; విన్నవాళ్ళకు నిర్వచనాల కన్నా ఎక్కువకాలం గుర్తుంటాయి.

నువ్వు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నావు కనుక నీకు మాత్రం మరొక దారిలో చెబుతాను. ఆరభి, దేవగాంధారి రాగాల ఆరోహణ అవరోహణలు కాగితం మీద ఒకటే. అయినా 'సాధించెనె' విన్న చెవి 'క్షీరసాగర శయన' విని ఇది ఆరభి అనదు. ఒకటి సూటిగా, చురుకుగా నడుస్తుంది. మరొకటి గమకాల మీద ఆగుతూ, ఊగుతూ, విలంబంగా సాగుతుంది. నీ గురువుగారు ఆ తేడాను స్వరాల పట్టిక చూపించి నేర్పలేదు, పాడి వినిపించి నేర్పారు. గోత్‌కూ మెటల్‌కూ మధ్య హద్దు ఉంది, నిజంగా ఉంది. 'అంతా సంగీతమేగా' అని దాన్ని చెరిపేసేవాళ్ళతో నేను ఏకీభవించను. అయితే ఆ హద్దు నడకలో ఉంటుంది, సామగ్రిలో ఉండదు.

ఇక నీ అసలు ప్రశ్నకు వస్తాను. నువ్వుంటున్న లీడ్స్‌లోనే 1980లో సిస్టర్స్ ఆఫ్ మెర్సీ బృందం పుట్టింది. డ్రమ్ములు వాయించే మనిషికి బదులు ఒక యంత్రాన్ని పెట్టుకుని, దానికి డాక్టర్ అవలాంచ్ అని పేరు పెట్టుకున్నారు. దాని మీద ఆండ్రూ ఎల్‌డ్రిచ్ మంద్రస్వరంలో పాడేవాడు. వాళ్ళ మొదటి ఆల్బమ్ 1985లో వచ్చినప్పుడు నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను. అక్కడికి పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉన్న హాలిఫాక్స్‌లో 1988లో పారడైజ్ లాస్ట్ అనే డెత్ మెటల్ బృందం, అంటే గర్జించే గొంతుతో పాడే మెటల్ బృందం, ఏర్పడింది. వాళ్ళు చెవులు మూసుకుని పెరగలేదు కదా! ఇరుగుపొరుగు ఊళ్ళ క్లబ్బుల్లో మోగుతున్న పాటలన్నీ విని పెరిగారు. 1991లో వాళ్ళు 'గోతిక్' అన్న పేరుతోనే ఆల్బమ్ తెచ్చారు: నెమ్మదిగా కదిలే బరువైన రిఫ్‌లు, గర్జించే గొంతు, వాటి మధ్యలో ఒక స్త్రీ కంఠం, ఆర్కెస్ట్రా ఛాయలు, అన్నిటి పైన ఏడుస్తున్నట్లుండే గ్రెగర్ మాకింతోష్ గిటార్. గోతిక్ మెటల్ అన్న పేరు ఆ ఆల్బమ్‌తోనే స్థిరపడింది.

ఆ సంవత్సరం నేను చేసిన తప్పు ఒకటి నీకు చెప్పాలి. లీడ్స్‌లో పాత రికార్డులు అమ్మే ఒక దుకాణంలో, పదిహేడేళ్ళుంటాయేమో, ఒక అబ్బాయి ఆ రికార్డు చేతిలో పట్టుకుని, నా సంచీలో ఉన్న రికార్డులు చూసి, ఇది కూడా గోతేనా అని ఎంతో ఆశగా అడిగాడు. నేను ఒక్క పాటైనా వినకుండానే, పదిమందిలో, ఇది గోత్ కాదు, పేరు అరువు తెచ్చుకున్న మెటల్ అని కొట్టిపారేశాను. అతడు రికార్డును మళ్ళీ అరలో పెట్టేసి, తల దించుకుని వెళ్ళిపోయాడు. మూడేళ్ళ తరువాత హాలిఫాక్స్‌లో నాతో పనిచేసే ఒకాయన ఇంట్లో ఆ ఆల్బమ్ మొదటిసారి పూర్తిగా విన్నాను. ఆ గిటార్ రాగంలో నాకు ప్రాణమైన లీడ్స్ పాటల పోలికలు ఒక్కొక్కటే బయటపడుతుంటే, ఆ అబ్బాయి ముఖమే కళ్ళ ముందు నిలిచింది. నేనన్న మాటలో కొంత నిజముంది. అయినా వినకుండా అన్నాను కాబట్టి అనడానికి నాకు అర్హత లేదు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇది: గోతిక్ మెటల్ ఇంటిపేరు మెటల్, పోలికలు మేనమామవి. దాని ఎముక, దాని రిఫ్, దాని గొంతు నెమ్మదిగా నడిచే డూమ్ మెటల్, గర్జించే డెత్ మెటల్ ఇళ్ళ నుంచి వచ్చాయి. విషాదాన్ని ఒడిలో పెట్టుకుని లాలించే తీరు, మంద్రంగా పాడడం, రాగాన్ని ఒంటరిగా వదిలేసి చుట్టూ ఖాళీ ఉంచడం గోత్ వైపు నుంచి వచ్చాయి. మేనమామ పోలిక వచ్చినంత మాత్రాన పిల్లవాడి ఇంటిపేరు మారదు, ఇంటిపేరు వేరైనంత మాత్రాన మేనమామ ఇంట్లో పరాయివాడూ కాడు. నువ్వు ఏదో ఒక వైపు నిలబడి తీరాలని బృందంవాళ్ళు పట్టుబడితే, గోతిక్ మెటల్ గోత్ శాఖ కాదు, మెటల్ శాఖే అను. కానీ గోత్ లేకపోతే అది పుట్టేది కాదన్న మాటను అదే ఊపిరిలో చెప్పు.

మరొక జాగ్రత్త. ముద్రను పాటకో ఆల్బమ్‌కో వెయ్యి, బృందం మీద వెయ్యవద్దు. అదే పారడైజ్ లాస్ట్ 1999లో 'హోస్ట్' అనే ఆల్బమ్ చేసింది. అందులో మెటల్ దాదాపు లేదు, ఎలక్ట్రానిక్ వాద్యాల మీద నడిచే దిగులు పాటలున్నాయి. 1982లో 'పోర్నోగ్రఫీ' వంటి గాఢమైన ఆల్బమ్ చేసిన ద క్యూర్ బృందమే పదేళ్ళకు 'ఫ్రైడే అయామ్ ఇన్ లవ్' అనే శుక్రవారం ప్రేమ పాటతో ఉల్లాసంగా గంతులు వేసింది. సిస్టర్స్ ఆఫ్ మెర్సీ 1990 నాటి 'విజన్ థింగ్'లో హార్డ్ రాక్ గిటార్లకు పెద్దపీట వేసింది. పైగా ఎల్‌డ్రిచ్ తనను గోత్ అనవద్దని ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నాడు. కళాకారుడి మాటను గౌరవించు, కానీ దాన్ని తీర్పుగా తీసుకోవద్దు. తనకు తాను పెట్టుకునే పేరు వేరు, ఆ పాట విని పెరిగినవాళ్ళు దాన్ని ఏ కుటుంబంలో చేర్చుకున్నారన్నది వేరు.

అన్నిటికన్నా కష్టమైన ఉదాహరణ బ్రూక్లిన్ బృందం టైప్ ఓ నెగటివ్. సభలో ఎవరో ఒకరు అది ఎత్తుతారు, సిద్ధంగా ఉండు. దాని గాయకుడు పీటర్ స్టీల్ అంతకుముందు కార్నివోర్ అనే త్రాష్ మెటల్, అంటే వేగంగా వాయించే మెటల్, బృందంలో పాడినవాడు, అంటే వంశం స్పష్టం. కానీ 1993 నాటి 'బ్లడీ కిసెస్'లో పాటను మోసేది చాలాచోట్ల అతడి బేసే, గొంతు గోత్ గాయకులను మించిన మంద్రం. ఒక పెద్ద పాటకు ఏకంగా నల్లటి జుట్టురంగు పేరు పెట్టి గోత్ అమ్మాయి అలంకారాన్ని ఆటపట్టించాడు. బయట నిలబడి చూసేవాడికి అలా ఆటపట్టించడం చేతకాదు, లోపల తిరిగినవాడికే చేతనవుతుంది. నేను ఎన్ని ఏళ్ళు విన్నా దాన్ని ఒక అరలో పెట్టలేకపోయాను. నువ్వూ పెట్టనవసరం లేదు; ఈ పాట దగ్గర నా కొలబద్ద ఆగిపోతుంది అని నిండు సభలో ఒప్పుకో. అలా ఒప్పుకున్నవాళ్ళ మిగతా మాటలకు విలువ పెరుగుతుంది.

2003 నాటి 'ఫాలెన్' ఆల్బమ్ ద్వారా, అంటే దాన్ని చేసిన ఎవానెసెన్స్ అనే అమెరికన్ బృందం ద్వారా ఈ సంగీతంలోకి వచ్చిన పిల్లలు కూడా అక్కడ ఉంటారు. పత్రికలు ఆ బృందాన్ని గోత్ అన్నాయి కనుక వాళ్ళూ అలాగే అనుకుంటారు. ఆ సంగీతం వంశం ఆల్టర్నేటివ్ మెటల్‌ది. ఆ మాట మెత్తగా చెప్పి, వెంటనే సూక్సీ అండ్ ద బన్షీస్ అనే బృందం 1981లో చేసిన 'జుజు' ఆల్బమ్ వినమని చేతిలో పెట్టు. ఏ గుమ్మం గుండా వచ్చారన్నది అడగకుండా లోపలికి పిలవడం పెద్దవాళ్ళ పని; మా తరంలో చాలామందిమి, ముఖ్యంగా కొత్తగా వచ్చిన ఆడపిల్లల విషయంలో, ఆ పని చేయలేదు. పరీక్షలు పెట్టాం.

ఇది రాస్తుంటే 2007 ఆగస్టు గుర్తుకు వస్తోంది. లాంకషైర్‌లోని బేకప్ ఊరి పార్కులో సోఫీ లాంకాస్టర్ అనే ఇరవై ఏళ్ళ అమ్మాయిని, ఆమె స్నేహితుణ్ణి, వాళ్ళ వేషం చూసి ఒక గుంపు కొట్టింది. ఆ దెబ్బలకు ఆమె చనిపోయింది. 2013లో గ్రేటర్ మాంచెస్టర్ పోలీసులు ఇటువంటి దాడులను ద్వేషనేరాలుగా నమోదు చేయడం మొదలుపెట్టినప్పుడు గోత్‌లనూ పంక్‌లనూ మెటల్ అభిమానులనూ ఒకే వరుసలో చేర్చారు. కొట్టే చేతికి ఈ హద్దు కనపడదు. చర్చ వేడెక్కి, ఎదుటివాణ్ణి నకిలీ అనాలని నోటి చివరి దాకా వచ్చినప్పుడు ఈ సంగతి తలచుకో.

ఇక ప్రసంగం నడపడం గురించి. ముప్పై పాటలు వినిపించాలని చూడకు, మూడు చాలు: బ్లాక్ సబాత్ మొదటి ఆల్బమ్ మొదటి పాట, బౌహౌస్ పాట, పారడైజ్ లాస్ట్ 'గోతిక్' ఆల్బమ్‌లో అదే పేరున్న పాట. బౌహౌస్ పాట తొమ్మిది నిమిషాలకు పైగా ఉంటుంది, పైగా రెండున్నర నిమిషాలు దాటితే గాని గొంతు వినపడదు. ఆ వాద్యభాగం వినిపిస్తే చాలు, ఎందుకంటే నీకు కావలసింది బేస్ మెట్లు దిగుతున్న తీరు. మూడింటినీ ముందుగానే ఒకే స్థాయి శబ్దానికి సరిచేసుకో. లేకపోతే బిగ్గరగా మోగిన పాటే గెలిచినట్లు అనిపిస్తుంది. రికార్డుల అట్టల మీది బొమ్మలు పాటలు వినిపించిన తరువాతే చూపించు. 'అసలైన గోత్' అన్న మాట నీ నోట రానివ్వకు. ఎవరైనా గోత్ ఎనభైలతోనే ముగిసిందంటే, జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1992 నుంచి, మీ యార్క్‌షైర్ సముద్రతీరంలోనే ఉన్న విట్‌బీలో 1994 నుంచి నడుస్తున్న గోత్ ఉత్సవాల పేర్లు చెప్పి ముందుకు సాగు.

మీ అమ్మ వచ్చే వారం అక్కడికి బయలుదేరుతోంది కదా, నా దగ్గరున్న 'గోతిక్' రికార్డు ఆమెతో పంపుతున్నాను. రెండో వైపు అంచున చిన్న గీత ఉంది, సూది అక్కడ ఒకసారి ఎగురుతుంది, జాగ్రత్త. ఆ పాత దుకాణం ఇప్పుడు లేదని విన్నాను. సభలో ఈ రికార్డును చేతిలోకి తీసుకుని, ఇది గోతేనా అని ఎవరైనా అడిగితే, ముందు కూర్చోబెట్టి వినిపించు. ఆ తరువాత ఏం మాట్లాడుకున్నారో నాకు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య