పక్కవారి కారు దారి ఎత్తు పెంచడంతో మా గోడ చెమ్మెక్కింది, చట్టం ఏమంటుంది?

ప్రశ్న: తెనాలిలో మా నాన్నగారు 1994లో కట్టిన ఇంట్లో ఉంటున్నాం. పక్క స్థలం కొన్నవారు రెండేళ్ల క్రితం తమ కారు దారిని మట్టితో మెరక చేసి, పైన కాంక్రీటు వేయించారు. మొత్తం రెండడుగులు లేచింది, వాలు మా గోడ వైపే ఉంది. ఇప్పుడు గది లోపల మూడడుగుల ఎత్తు వరకు చెమ్మ, ఉప్పు, ప్లాస్టరింగు పెచ్చులూడుతోంది. అడిగితే ‘నా స్థలం, నా ఇష్టం, మీ ఇల్లే పల్లంలో ఉంది’ అంటున్నారు. మేమేం చేయాలి?

జవాబు: మీ పొరుగువారి మాటలో సగం నిజముంది. మెరక స్థలంలో సహజంగా పడిన వాననీరు సహజంగా పల్లంలోకి పారుతుంటే పల్లపు స్థలం యజమాని దాన్ని అడ్డుకోకూడదని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం (పక్క స్థలాల మధ్య దారి, నీరు వంటి హక్కుల చట్టం) 7వ సెక్షన్ చెబుతుంది. అయితే ఆయన స్థలం పుట్టుకతో మెరక కాదు, మట్టి తోలించి చేసిన మెరక. నేలలోకి ఇంకవలసిన నీటిని కాంక్రీటుతో ఆపి, వాలు పెట్టి మీ గోడ మొదట్లోకి మళ్లించడం సహజ ప్రవాహం కిందికి రాదు. పైగా వాన లేని రోజుల్లో కూడా ఆ తడిమట్టి మీ గోడకు ఆనుకునే ఉంటుంది. తన మట్టికి మీ గోడను ఆనకట్టగా వాడుకునే హక్కు ఆయనకు లేదు.

ఇలాంటి దావాలు నిలిచేదీ పోయేదీ చాలావరకు సాక్ష్యం మీదే కనుక, తొందరపడి గోడకు మళ్లీ ప్లాస్టరింగు చేయించకండి. మీ ఇంటి బేస్‌మెంట్ పైన, చెమ్మ ఎక్కకుండా వేసిన పొర ఏ ఎత్తులో ఉందో, దాన్ని దాటి కాంక్రీటు ఎన్ని అంగుళాలు లేచిందో టేపు పట్టి, అంకెలు కనబడేలా ఫొటో తీయండి. వాన కురుస్తుండగా వీడియో తీసి, సివిల్ ఇంజనీరు చేత లెవెళ్లతో సహా రిపోర్టు రాయించుకోండి. ‘వాళ్ల బాత్రూం పైపే కారుతోంది’ అన్నది ప్రతివాదులు మొదట ఎత్తే వాదన. మీ పైపులను ముందే పరీక్ష చేయించి, ఆ సంగతి కూడా రిపోర్టులో చేర్పించండి. మీ చూరు నీళ్లు ఆయన స్థలంలో పడుతుంటే నోటీసు ఇవ్వకముందే సరిచేసుకోండి. మీ గోడ ప్లానుకు విరుద్ధంగా, ఖాళీ వదలకుండా హద్దు మీదే కట్టి ఉంటే ఆయన దాన్ని తప్పక లేవనెత్తుతారు. అంతమాత్రాన మీ గోడను పాడుచేసే హక్కు ఆయనకు రాదు గాని, ఆ విషయం మీ లాయరు దగ్గర దాచకండి.

తర్వాత స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్ సదుపాయంతో, లాయరు నోటీసు పంపండి. మొత్తం దారి పగలగొట్టమని అడగవద్దు. అది ఆయనను మొండికెత్తించడానికే పనికొస్తుంది. గోడ పొడవునా ఒక అడుగు వెడల్పున కాంక్రీటు కోసి, మట్టిని చెమ్మ ఆపే పొరకు అరడుగు కిందికి తీసి, అక్కడ కాలువ కట్టి, వాలును ఆయన వైపు తిప్పమని అడగండి. కోర్టు కూడా అమలు చేయించగల స్పష్టమైన పనినే ఆదేశిస్తుంది.

ఆయన కదలకపోతే, 1963 నాటి నిర్దిష్ట పరిష్కారాల చట్టం (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 39వ సెక్షన్ కింద మాండేటరీ ఇంజంక్షన్, అంటే ఫలానా పని చేసి తీరాలన్న కోర్టు ఉత్తర్వు, కోరుతూ సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. 40వ సెక్షన్ కింద నష్టపరిహారాన్ని కూడా ఆ దావాలోనే అడగాలి. అడగకపోతే కోర్టు ఇవ్వదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 26, రూల్ 9 కింద అడ్వొకేట్ కమిషనర్‌ను (స్థలం చూసి కోర్టుకు రిపోర్టు ఇచ్చే లాయరును) నియమించమని కోరి, వానాకాలంలోనే తనిఖీ జరిగేలా చూసుకోండి; వేసవిలో ఎండిన గోడను చూసి కమిషనర్ రాసుకునేది తక్కువే. చెమ్మ కొనసాగుతున్నంత కాలం దావా గడువు కొత్తగా మొదలవుతూనే ఉంటుందనే కాలపరిమితి చట్టం 22వ సెక్షన్ మీకు తోడ్పడుతుంది. అయినా ఏళ్ల తరబడి మౌనంగా ఉంటే, మీరు సమ్మతించారన్న వాదనకు చోటిచ్చినట్లవుతుంది.

దావాకు ముందే మండల న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. అక్కడి అవార్డుకు (రాజీ తీర్పుకు) కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది. రాజీపత్రంలో కాలువ కొలతలతో పాటు గోడ మరమ్మతు ఖర్చు ఎవరిదో కూడా రాయించండి. మట్టి తీసిన వెంటనే తొమ్మిదంగుళాల గోడ ఆరదు, నెలలు పడుతుంది. అందుకే ఆ సొమ్ము చెల్లింపు గడువును కాలువ పని ముగిసిన తేదీకి కాకుండా, గోడ ఆరిందని ఇంజనీరు ధ్రువీకరించిన తేదీకి ముడిపెట్టండి.