గ్రేహౌండ్ భయానికి మందు అడిగే ముందు అరికాలు చూడండి

మీ ప్రశ్న చదివాను. రేసుల నుంచి రిటైరైన గ్రేహౌండ్‌ను తెచ్చుకుని మూడు నెలలైందని, నడకలో ఉన్నట్టుండి రాయిలా నిలబడిపోతుందని, ఇంట్లో ఒంటరిగా వదిలితే ఏడుస్తుందని, రక్తపరీక్షలో ఏవేవో తేడాలు వచ్చాయని రాశారు. ఆందోళన తగ్గడానికి ఏ మాత్ర మంచిదని అడిగారు. మాత్రలున్నాయి, వాటి సంగతికి వస్తాను. ముందు ఒక పని చేయండి. కుక్కను పక్కకు పడుకోబెట్టి, నాలుగు పాదాలూ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, వేళ్ల కింది మెత్తలను ఒక్కొక్కటిగా వెలుతురులో చూడండి. ఎందుకు చూడమంటున్నానో తెలియాలంటే మా మల్లి సంగతి చెప్పాలి.

మేం మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్‌లో ఉంటాం. రెండేళ్ల క్రితం ఏప్రిల్‌లో మల్లి మా ఇంటికి వచ్చింది. అప్పటికి దానికి నాలుగేళ్లు. ఒళ్లంతా నేరేడుపండు నలుపు, పేరు మాత్రం మల్లి. చెవుల లోపల రేసు రోజుల నాటి పచ్చబొట్టు అక్షరాలు. విజయవాడకు ఫోన్ చేసి "గ్రేహౌండ్‌ను ఇంటికి తెచ్చుకున్నాం" అని చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. "మనింటికి పోలీసులెందుకు వచ్చార్రా?" అంది చివరికి. ఆమె తప్పేమీ లేదు. 1989లో ఐపీఎస్ అధికారి వ్యాస్ గారు ఏర్పాటు చేసిన దళం పేరు మన వాళ్ల చెవుల్లో అలా నాటుకుపోయింది. ఆ పేరు అసలు ఒక కుక్కదని ఎవరికి గుర్తుంటుంది?

వచ్చిన పది రోజులకే మొదలైంది. గేటు దాటి నాలుగిళ్లు నడిచేది, ఆగిపోయేది. తాడు లాగితే మెడ మాత్రమే ముందుకు వచ్చేది, కాళ్లు నేలకు అంటుకుపోయినట్టు ఉండేవి. ఇరవై ఏడు కిలోల కుక్క. ఎత్తుకుని ఇంటికి తెచ్చిన రోజులున్నాయి, ఎదురింటాయన చూసి నవ్విన రోజులూ ఉన్నాయి. గంటకు ఇంతని పుచ్చుకునే ఒక ట్రైనర్‌ను పిలిపించాం. ఇది భయం అన్నాడు. పెంపుడు జీవితం కొత్త, చెత్తడబ్బాలు కొత్త, బస్సు చప్పుడు కొత్త, కోడిమాంసం ముక్కలు జేబులో వేసుకుని ఓపిక పట్టండి అన్నాడు. ఆయన్ను పూర్తిగా తప్పు పట్టను. కెన్నెల్లో పెరిగి, ట్రెయిలర్‌లో తిరిగి, ఇసుక ట్రాకు మీద పరుగెత్తడం తప్ప మరేమీ ఎరగని కుక్కలు వీధిలోకి వచ్చాక అలా బిగుసుకుపోవడం మామూలే. మల్లికి మెట్లెక్కడం తెలియదు. గాజు తలుపు అంటే ఏమిటో ముక్కు తగిలాక తెలిసింది. వంటింటి నున్నటి టైల్స్ మీద మొదటి వారం నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకూ జారాయి.

ట్రైనర్ చెప్పినట్టే ఒక నోటుపుస్తకం పెట్టాను. ఏ తేదీన ఎక్కడ ఆగింది, అప్పుడు ఎదురుగా ఏముంది, ఏ చప్పుడైంది, అన్నీ రాశాను. నాలుగు నెలలు రాశాను. అందులో చెత్తడబ్బాలున్నాయి, గొడుగు పట్టుకున్న ముసలాయన ఉన్నాడు, పిల్లల స్కూటర్ ఉంది. ఒకదానికొకటి పొంతన లేదు.

మధ్యలో కొద్దిగా కుంటితే డాక్టరుకు చూపించాం. ఆయన కాలికి ఎక్స్‌రే తీశాడు. అది సరైన పనే. గ్రేహౌండ్లలో కాళ్ల పొడుగు ఎముకలకు క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఎక్కువ, తగ్గని కుంటును తేలిగ్గా తీసుకోకూడదు. ఎముకలో ఏమీ లేదని తేలింది. అక్కడితో ఆగకుండా "మిగిలిందంతా ఆందోళనే" అని ఒక కాగితం రాసిచ్చాడు. పాదం ఎత్తి చూశాడు గాని, ఆ రోజు వాన, పాదాల నిండా బురద.

ఆగస్టులో అమ్మ వచ్చింది. వచ్చిన మూడో రోజు, శాలువా తలమీదుగా కప్పుకుని, మాతో నడకకు బయలుదేరింది. మల్లి మామూలుగానే నాలుగో ఇంటి ముందు ఆగింది. నేను జేబులో చెయ్యి పెట్టి మాంసం ముక్క తీస్తున్నాను. అమ్మ దాని మొహం వైపు చూడనే లేదు, వంగి కాళ్లే చూస్తోంది.

"ఇది భయపడటం లేదురా. అడుగెక్కడ వెయ్యాలో వెతుక్కుంటోంది" అంది.

ఇక్కడి వీధుల్లో ఫుట్‌పాత్ పక్కన గడ్డి పట్టీ ఉంటుంది. ప్రతి ఇంటి దగ్గరా కారు లోపలికి వెళ్లే దారి ఆ గడ్డిని తెగ్గొడుతుంది. ఒకచోట సిమెంటు, ఒకచోట కంకర. మల్లి ఇన్నాళ్లూ గడ్డి అంచునే నడుస్తోంది. గడ్డి అయిపోయి గట్టినేల వచ్చినచోట ఆగిపోతోంది. ఇంటికొచ్చి నోటుపుస్తకం తిరగేశాను. ఆగిన చోట్లన్నీ కారు దారులే. గొడుగు ముసలాయన ఉత్తపుణ్యానికి అందులోకి ఎక్కాడు.

"మా నాన్న పొలం గట్టు మీద బాగానే నడిచేవాడు. కంకర రోడ్డు ఎక్కితే ఇలాగే నిలబడేవాడు. ఆనెకాయ అయ్యుంటుంది చూడు" అంది అమ్మ. స్టీలు గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు తెచ్చుకుని, వసారాలో చాప మీద కూర్చుని, కుడి ముందుకాలు ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో రుద్దింది. మధ్యవేలి మెత్త తడిసి నల్లబడ్డాక దాని నడుమ తెల్లగా, గుండ్రంగా, మినపగింజంత ఒక చుక్క తేలింది. పొడిగా ఉన్నప్పుడు అది కనబడేది కాదు. అమ్మ దానిమీద మెల్లగా నొక్కింది. మల్లి కాలు లాక్కుని, అరవకుండా, అమ్మ చెయ్యి నాకింది.

కుక్కలకు ఆనెకాయలు రావడం నేను అప్పటిదాకా వినలేదు. గ్రేహౌండ్లలో ఇది బాగా తెలిసిన జబ్బట. ఎక్కువగా బరువు పడే ముందుకాళ్ల మధ్య వేళ్లకే వస్తుంది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆవిడ మత్తు కూడా ఇవ్వకుండా, చిన్న కత్తితో ఆ బిళ్ల అంచు వదులు చేసి, కొబ్బరి చిప్పలోంచి ముక్క తీసినట్టు తీసేసింది. పది నిమిషాల పని. బయట కార్లు నిలిపే సిమెంటు నేల మీద మల్లి ఆగకుండా కారు దాకా నడిచింది. నేను మాత్రం నాలుగు నెలల కోడిమాంసం ముక్కల లెక్క వేసుకుంటూ వెనక నడిచాను.

ఆనెకాయ మళ్లీ వస్తుంది, అది కూడా చెప్పాలి. మాకు ఐదారు వారాలకొకసారి తీయించాల్సి వస్తోంది. గట్టినేల మీదికి వెళ్లేటప్పుడు ఆ కాలికి మెత్తటి అడుగు ఉన్న బూటు వేస్తాం. ఆ వేలి కింద ఉండే ఒక స్నాయువును కోసి మెత్త మీద బరువు తగ్గించే ఆపరేషన్ కూడా ఉంది, ఇంకా ఆలోచిస్తున్నాం.

గ్రేహౌండ్లలో మనం భయం, మొండితనం అనేదాంట్లో ముప్పాతిక వంతు ఒంటి నొప్పే అని నా గట్టి నమ్మకం. ఎవరు లెక్క తీశారని అడగకండి. నాకు దగ్గరగా తెలిసిన గ్రేహౌండ్లు ఐదే.

పళ్లు చూడండి. రేసు కెన్నెళ్ల నుంచి వచ్చే వాటి పళ్లు చాలావరకు పాడై ఉంటాయి. మల్లికి ఐదు పళ్లు పీకారు. రోజూ కుక్కల పేస్టుతోనే తోమాలి, మన పేస్టు వద్దు. అమ్మ వేపపుల్ల అంది, ఆ ఒక్క విషయంలో ఆమె మాట వినలేదు. పళ్లు తీయించడమైనా మరో ఆపరేషనైనా డాక్టరుకు ముందే రెండు సంగతులు గుర్తు చేయండి. థయోపెంటాల్ లాంటి పాత మత్తుమందులు ఈ జాతి ఒంట్లోంచి త్వరగా పోవు. రెండోది, ఆపరేషన్ అయిన రోజు అంతా బాగుండి, ఒకటి రెండు రోజులు గడిచాక రక్తం కారడం వీటిలో కనిపిస్తుంది. మా రెండో డాక్టరు ముందే రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చింది కాబట్టి మాకు బొంత మీద రూపాయి బిళ్లంత మరకతో పోయింది.

మీ రక్తపరీక్ష గురించి. దాన్ని చూపించి మీకు థైరాయిడ్ మాత్రలు రాశారా? రాసి ఉంటే మింగించే ముందు ఇంకొక్కసారి అడగండి. ఆరోగ్యంగా ఉన్న గ్రేహౌండ్‌లో కూడా టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ మిగతా కుక్కలకన్నా తక్కువే ఉంటుంది. ఎర్రకణాల శాతం ఎక్కువగా, ప్లేట్‌లెట్లు తక్కువగా, మూత్రపిండాల పనితీరు తెలుసుకోవడానికి చూసే క్రియాటినిన్ కాస్త ఎక్కువగా ఉండటం వీటికి సహజం. ల్యాబు కాగితం మీద అచ్చయ్యే సాధారణ విలువలు మిగతా కుక్కలవి. ఆందోళన అని కాగితం రాసిన ఆ మొదటి డాక్టరే టీ4 తక్కువని మల్లికి మూడు నెలలు మాత్రలు వాడించాడు. అది రాత్రంతా రొప్పుతూ హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి తిరిగేది. దానికీ ఆందోళనే అని పేరు పెట్టారు! రెండో డాక్టరు చూసి మాన్పించాక నిద్రపోయింది.

బక్కగా ఉందనే మాట మీరూ వింటుంటారు. ఇంటికొచ్చిన ప్రతి మనిషీ "తిండి పెట్టడం లేదా?" అంటారు. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనబడితే గ్రేహౌండ్ సరైన బరువులో ఉన్నట్టు. జాలిపడి లడ్డూ పెట్టబోతారు. అందులో కిస్‌మిస్ ఉంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేయగలవు. ఉల్లిపాయ వేసిన కూరా వద్దు. ఇది చెబితే మనకు పొగరంటారు. అననివ్వండి. ఒంట్లో కొవ్వు లేదు కాబట్టి చలికి కోటు, పడుకోవడానికి మెత్తటి పక్క తప్పనిసరి. అమ్మ పాత చీరలతో కుట్టిన బొంత కొన్న పరుపులన్నిటినీ ఓడించింది. చర్మం కూడా కాగితమే, ముళ్లపొద గీరుకున్నా కుట్లు పడతాయి.

చిక్కం గురించి కూడా ఒక మాట. మెల్‌బోర్న్ ఉన్న మా విక్టోరియా రాష్ట్రంలో పెంపుడు గ్రేహౌండ్ మూతికి చిక్కం వేయాలన్న నిబంధన 2019 జనవరి 1 నుంచి లేదు, తాడు మాత్రం ఉండాలి. అయినా మల్లిని చూసి రోడ్డు దాటి అవతలికి పోయేవాళ్లున్నారు. వాళ్ల చేతుల్లోని బొచ్చుకుక్కలు గుక్క తిప్పుకోకుండా మొరుగుతుంటాయి, ఇది నోరు మెదపదు.

నిద్రలో మాత్రం ముట్టుకోకండి. చాలా గ్రేహౌండ్లకు పక్కన ఎవరూ ఆనుకుని పడుకునే అలవాటు ఉండదు, కొన్ని కళ్లు తెరిచే నిద్రపోతాయి. మా చిన్నవాడు ఒకసారి మీద వాలితే ఉలిక్కిపడి కసిరింది. అది పొగరు కాదు. అమ్మ దూరం నుంచే "లేవే మల్లీ" అని పిలిచి, తల ఎత్తాకే దగ్గరికి వెళ్లేది.

ఇక నిజమైన భయం. అదీ ఉంది, కాదనను. ఇక్కడ జనం సొంతంగా టపాకాయలు కాల్చడం చట్టవిరుద్ధం. అయినా దీపావళికి మనవాళ్లూ, కొత్త సంవత్సరానికి అందరూ కాలుస్తారు. ఆ రాత్రి మల్లి స్నానాల తొట్టిలో పడుకుని గజగజ వణికింది. ఆ ఒక్క రాత్రికి వాడే మందులు వేరే ఉంటాయి, డాక్టరును ముందుగా అడిగి పెట్టుకోండి. ఒంటరితనం కథ ఇంకోటి. పుట్టినప్పటి నుంచి పక్క గదిలో మరో కుక్క ఊపిరి వింటూ పెరిగిన జీవి అది. ఫిబ్రవరిలో అమ్మ వెళ్లిపోయాక మేం ఆఫీసులకు వెళ్తే తలుపు చెక్క గీకి గీకి గోళ్లు అరగదీసుకుంది. ఆనెకాయ లేదు, పళ్లు బాగున్నాయి, అయినా ఏడ్చింది. అప్పుడు మేమూ మాత్ర వాడాం. ఫ్లూఆక్సెటిన్. పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది, డాక్టరు లేకుండా మొదలుపెట్టకూడదు, ఆపకూడదు. మాత్ర ఒక్కటే సరిపోలేదు. రెండు నిమిషాలు బయటికి వెళ్లి రావడం, తర్వాత ఐదు, తర్వాత పది, అలా నెలన్నర పట్టింది. ఏడ్చినందుకు ఒక్కసారి కూడా కసరలేదు. పొద్దున అమ్మ పెట్టే సుప్రభాతం అదే గొంతుతో, అదే గదిలో పెట్టి వెళ్లేవాళ్లం. అది పనిచేసిందని మా ఆవిడ అంటుంది, మాత్రే పనిచేసిందని నేనంటాను.

మీరూ ఒక నోటుపుస్తకం పెట్టి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. ఆగిన చోటు, ఎదురుగా ఏముంది, ఏ చప్పుడైంది రాయండి. దాని కాలి కింద ఏముందో రాయడానికి కూడా ఒక గడి గీయండి. మా పుస్తకంలో ఆ గడి లేకనే నాలుగు నెలలు పోయాయి.