రాత్రిళ్లు కాళ్లు పీకుతున్నాయంటే వీడియో కాల్ సరిపోతుందా?

ప్రశ్న: మా బాబుకి ఏడేళ్లు, 20 కిలోలుంటాడు. నెల రోజులుగా వారానికి రెండు మూడు రాత్రులు కాళ్లు పీకుతున్నాయని లేచి ఏడుస్తున్నాడు. తెల్లారేసరికి మామూలుగా ఆడుకుంటాడు. పిల్లల డాక్టరు దగ్గరికి రెండు బస్సులు మారి వెళ్లాలి. ఫోన్లో చూపిస్తే చాలా? – ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ముందు ఫోన్లో చూపించవచ్చు. 3 నుంచి 12 ఏళ్ల పిల్లల్లో రెండు కాళ్లకూ వచ్చి, పొద్దుటికల్లా ఆనవాలు లేకుండా పోయే నొప్పులు చాలావరకు ‘ఎదుగుదల నొప్పులే’. పేరుకే ఎదుగుదల, ఎముక సాగడం వల్లే వస్తాయనడానికి ఆధారం లేదు.

చిక్కల్లా, నొప్పి రాత్రి వస్తే కాల్ పగలు చేస్తాం. డాక్టరుకు కనిపించేది గెంతులేస్తున్న పిల్లాడు! అందుకే ఈసారి లేచినప్పుడు అర నిమిషం వీడియో తీయండి. ‘మోకాలా నాన్నా?’ అని మీరు అందించొద్దు. ‘ఎక్కడో చెయ్యి పెట్టి చూపించు’ అనండి. పిక్కలు, తొడల ముందు భాగం, మోకాలి వెనక అయితే ఎదుగుదల నొప్పికి సరిపోతుంది. ఒకే కాల్లో ఒకే చోట వేలు పెట్టి చూపిస్తే అది వేరే లెక్క. ఇంకో గుర్తు: ఎదుగుదల నొప్పి ఉన్న పిల్లాడు కాళ్లు ఒత్తమంటాడు, కీలు వాచినవాడు ముట్టుకోనివ్వడు.

కాల్‌కి ముందు జ్వరం చూసి, బరువు తూచి పెట్టుకోండి. నిక్కరు వేసి, చెప్పులు విప్పించండి. ఫోన్‌ను పిల్లాడి నడుము ఎత్తులో, రెండు మూడు మీటర్ల దూరంలో ఆనించి పెట్టండి. కిటికీ వాడి వెనక ఉంటే నల్లటి నీడే కనిపిస్తుంది. వెలుతురు ముఖం మీద పడాలి. ఎదురుగా, పక్కగా నడిపించండి. మునివేళ్ల మీద, మడమల మీద నడిపించి, గొంతుక్కూర్చోబెట్టి లేపండి. తొడల మీద చేతులు ఆన్చి పాక్కుంటూ లేస్తే కండరాల బలహీనత ఉందేమోనని చూడాలి.

ఇక చేత్తో చేయాల్సినవి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు మడిచి, పాదాన్ని మెల్లగా బయటివైపు తిప్పితే తుంటి కీలు లోపలికి తిరుగుతుంది. రెండు వైపులా సమానంగా తిరగాలి. పిల్లలు మోకాలు నొప్పి అంటారు గానీ, దోషం తుంటిలో ఉండటం కద్దు. ఇక్కడే వీడియో పొరబడుతుంది: మోకాలి మీదే చూపు నిలిపితే తుంటి సంగతి బయటపడదు. ఒకవైపు పట్టేసినా, నొప్పన్నా ఎక్స్‌రే కావాలి, బస్సు ఎక్కాల్సిందే.

వీటిలో ఏ ఒక్కటున్నా ఫోన్‌తో కాలయాపన చేయొద్దు: కుంటడం, పొద్దున లేవగానే కీళ్లు బిగుసుకోవడం, కీలు వాపు, తగ్గని జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, మెడలో గానీ గజ్జల్లో గానీ బిళ్లలు, బరువు తగ్గడం. రక్త క్యాన్సర్ కొందరు పిల్లల్లో ముందు ఎముకల నొప్పిగానే బయటపడుతుంది. సీబీపీ (రక్తకణాల లెక్క) పరీక్ష చేయకుండా దాన్ని ఏ కెమెరా పట్టుకోలేదు. జలుబు, జ్వరం తగ్గాక పిక్కలు పట్టేసి నడవనంటే చాలావరకు దానంతటదే తగ్గుతుంది, అయినా డాక్టరు ఒకసారి చూడాలి. మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎక్కడ చూపించాలంటే, కేంద్ర ప్రభుత్వ ‘ఈ-సంజీవని’ ఉచితం. మొబైల్‌కి వచ్చే ఓటీపీతో నమోదై టోకెన్ తీసుకోవాలి. అంతకన్నా మేలు, మీ ఊరి విలేజ్ హెల్త్ క్లినిక్ నుంచి డాక్టరుతో మాట్లాడటం (తెలంగాణలో పల్లె దవాఖాన). అక్కడి సిబ్బంది కాలు పట్టుకుని చూసి డాక్టరుకు చెప్పగలరు. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం 16 ఏళ్లలోపు పిల్లల పక్కన పెద్దవారు ఉండాలి, వారెవరో డాక్టరు నిర్ధారించుకోవాలి.

ప్రశ్న: ఫోన్లో చూసిన డాక్టరు పారాసిటమాల్ సిరప్ రాశారు. మా పాపకి పది మిల్లీలీటర్లు పోయమన్నట్టు గుర్తు. షాపులో రెండు రకాలున్నాయి. ఏది తీసుకోవాలి? – ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: చీటీలో చూసుకోకుండా ఒక్క చుక్క పోయకండి. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు, ఇంకోదాంట్లో 250 ఉంటాయి. మోతాదు కిలోకి 10–15 మిల్లీగ్రాములు. పాప 20 కిలోలైతే 200–300 మిల్లీగ్రాములు: మొదటి సీసాలో 8–12 మిల్లీలీటర్లు, రెండోదాంట్లో 4–6. పలచటిది రాస్తే చిక్కటిది పది పోశారనుకోండి, 500 మిల్లీగ్రాములు లోపలికెళ్తాయి. ఇంటి చెంచా వద్దు, సీసాతో వచ్చే కొలత మూత గానీ సిరంజీ గానీ వాడండి. మోతాదుకీ మోతాదుకీ కనీసం 4 గంటలు, రోజుకు నాలుగుకు మించకూడదు.

ఒళ్లు నొప్పులతో జ్వరం కూడా ఉంటే డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రోఫెన్ (ఇంకో నొప్పి, జ్వరం మందు) ఇవ్వొద్దు, రక్తస్రావం ముప్పు. యాస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు. పక్కింటి పిల్లాడికి రాశారని 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి తెచ్చి కలిపేవారూ ఉన్నారు. అది మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులవుతాయి. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, పాప వయసు, బరువు ఉన్నాయో లేదో కాల్ ముగిసేలోపే అడిగి రాయించుకోండి.