టూత్‌పేస్టుతో హెడ్‌లైట్ల పసుపు పోతుందా?

పోతుంది. కొన్నాళ్ళకి మళ్ళీ వస్తుంది. మసకబారిన హెడ్‌లైట్లు టూత్‌పేస్టుతో ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా అని అడిగారు. ఇంట్లోనే చేసుకోవచ్చు గానీ, పేస్టు మాత్రం బాత్రూంలోనే ఉంచండి.

వెనకటి అంబాసిడర్లకి గాజు అద్దాలు, ఎన్నేళ్ళైనా పసుపెక్కేవి కావు. ఇప్పుడొచ్చేది పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్. కంపెనీలో దాని మీద వేసిన సన్నటి పూత ఎండకి పోయిందంటే కింది ప్లాస్టిక్ మాడటం మొదలు. ఇక మా ఒంగోలు ఎండ సంగతి చెప్పేదేముంది! బిల్డరేమో కాగితం మీద కారు పార్కింగ్ అని రాసిచ్చాడు, అందులో స్కూటర్ పెడితే చాలు నిండిపోతుంది. కాబట్టి మా కారు ఏళ్ళ తరబడి రోడ్డు మీదే.

ఓ ఆదివారం మావాడు పేస్టు, పాత బ్రష్షు పట్టుకుని లైట్లు రుద్దుతుంటే మా బామ్మర్ది వచ్చాడు. చీమకుర్తిలో గ్రానైట్ పాలిషింగ్ పని ఆయనది. "ఏందిరా అల్లుడూ, కారుకి పళ్ళు తోముతున్నావా?" అని, వాణ్ణే హార్డ్‌వేర్ షాపుకి తోలాడు. 800, 1000, 1500, 2000, 3000 నంబర్ల వాటర్ పేపర్లు (తడిపి రుద్దే గరుకు కాగితాలు, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది), మాస్కింగ్ టేపు, మెరుపు తెచ్చే రబ్బింగ్ కాంపౌండు తెప్పించాడు. రంగుకి గీతలు పడకుండా చుట్టూ టేపు అంటించి, పేపరు బకెట్లో నానేసి 800తో మొదలెట్టాడు. పసుపు నీళ్ళు కారాయి. అద్దం కాస్తా పాలు పోసినట్టు తెల్లబడింది. మా ఆవిడ వచ్చి చూసి, "ఉన్నది కూడా చెడగొట్టావు గదరా!" అంది. ఆయన తలెత్తలేదు. పసుపు పూర్తిగా పోయేదాకా నంబరు మార్చలేదు. ఒక పేపరు అడ్డంగా రుద్దితే తర్వాతది నిలువుగా. ముందు పేపరు గీతలు మిగిలాయో లేదో అట్లా అయితేనే తెలుస్తుందట. నీళ్ళు మాత్రం ఆపేది లేదు. 3000 అయ్యాక కాంపౌండుతో గుడ్డ తిప్పేసరికి లోపలి బల్బు కనపడింది.

అక్కడితో అయిపోయిందన్నాడు. ఎండని ఆపే పారదర్శకమైన పూత, యూవీ క్లియర్ కోట్ స్ప్రే, కొట్టాలన్నాను. "రాయికి మేమేం పూస్తాం బావా? దానికదే మెరుస్తుంది" అని వాదన. రాయి వేరు, ప్లాస్టిక్ వేరు. రుద్ది రుద్ది మిగిలిన పూత కూడా తీసేశాక ఎండని ఆపేదేది? చివరికి కుడి లైటుకి నేను స్ప్రే కొట్టాను, ఎడమది ఆయన మాట ప్రకారం వదిలేశాం. మరుసటి ఎండాకాలానికి ఎడమది పసుపు, కుడిది అట్లాగే ఉంది. ఇంతకంటే రుజువు నాకక్కర్లేదు. స్ప్రే ముందు ఆల్కహాల్‌తో తుడిచి బాగా ఆరనివ్వండి, పల్చగా రెండు మూడు పూతలు వేయండి, మూతికి గుడ్డ కట్టుకోండి.

లోపల చెమ్మ పట్టి మసకైతే మాత్రం పైన ఎంత రుద్దినా దండగే, ముందు అద్దం అంచున నీళ్ళు లోపలికి పోకుండా ఉండే సీలుని మెకానిక్‌కి చూపించండి.

ఇంకోటి. లైట్లు మసకేశాయని కొందరు అద్దాలు వదిలేసి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు బిగిస్తున్నారు. మసక అద్దంలో ఆ వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది తప్ప రోడ్డు మీద పడదు. రాత్రిపూట కర్నూలు రోడ్డులో వెనక లైటు లేని రాళ్ళ లారీ ముందుంటే, ఎదురుగా ఇట్లాంటివాడొకడు డిమ్ము కూడా కొట్టకుండా వస్తాడు. ఆ బల్బులు అమ్మేవాళ్ళని ఒక్క రాత్రి ఆ రోడ్డు మీద స్కూటర్ ఇచ్చి తోలాలి.